ఫిర్దోస్ పెంచిన మట్టిజీవులు

ఆర్మూర్ నుంచి పెర్కిట్ వైపు పోయే రోడ్డు మీద అబ్దుల్ రషీద్‌కు మోటార్ల రిపేరు దుకాణం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటారు కాలిందంటే రైతులు దాన్ని ఆటోలో వేసుకొని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన కాలిన తీగను విప్పేసి, కొత్త తీగ చుట్టి ఇచ్చేవాడు. ఆ దుకాణం వెనక పాత సామాను పడేసే గది ఒకటి ఉంది. 2006 వేసవికి ముందు ఆయన కూతురు ఫిర్దోస్ ఆ గదిని ఖాళీ చేయించి, గోడలకు సున్నం వేయించి, అందులో బ్యాక్టీరియాను పెంచడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆమె, నేను ఆర్మూర్‌లో ఒకే ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాళ్ళం. ఆమె మైక్రోబయాలజీ చెప్పేది, నేను తెలుగు. స్టాఫ్‌రూమ్‌లో మా కుర్చీలు పక్కపక్కనే. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు ఆమె తన గదిలో జరిగే సంగతులు చెప్పేది. నాకు తెలిసిన సైన్సు అంతా ఆ డబ్బాల దగ్గర విన్నదే.

ఆమె ఆలోచన హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివేటప్పుడే మొదలైంది. పసుపుకు భాస్వరం కావాలి. అందుకే మా రైతులు బస్తాలకు బస్తాలు డీఏపీ వేస్తారు. కానీ మా వైపు చాలా చేలలో సున్నం శాతం ఎక్కువ. వేసిన భాస్వరంలో పెద్ద భాగాన్ని ఆ సున్నం పట్టుకొని వదలదు. ఇక పశువుల పెంటలో, రాలిన ఆకులో ఉన్న భాస్వరం వేరే రకంగా చిక్కుకొని ఉంటుంది. అది పెద్ద పెద్ద అణువులకు అతుక్కొని ఉంటుంది కాబట్టి వేరు దాన్ని తీసుకోలేదు. మట్టిలో కొన్ని బ్యాక్టీరియాలు ఈ రెండు చిక్కులనూ విప్పుతాయి. సున్నం పట్టుకున్నదాన్ని అవి వదిలే పులుపు కరిగిస్తుంది. అణువులకు అతుక్కున్నదాన్ని ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కత్తెరలా కత్తిరించి విడదీస్తుంది.

"భూమిల సామాను ఉంది సార్. తాళం తీసెటోళ్ళు లేరు," అనేది ఫిర్దోస్.

హైదరాబాదులో ఆమెకు పాఠం చెప్పిన వినోద మేడమ్ ఒక చిన్న గాజు గొట్టంలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను ఇచ్చి పంపింది. మిగతా సరంజామా రషీద్ దుకాణంలోనే తయారైంది. సీసాలను ఊపుతూ ఉండడానికి ఆయన పాత లారీ వైపర్ మోటారుతో ఒక ఊగుడు బల్ల చేశాడు. చెక్కపెట్టెలో బల్బు పెట్టి, వేడి ఎక్కువైతే అదే ఆరిపోయేలా చేశాడు. సీసాల్లో వేరే క్రిములు చేరకుండా ముందే ఉడికించే ప్రెషర్ కుక్కర్ మాత్రం ఇంట్లోది. దాని కోసం ఫిర్దోస్ తల్లి నూరున్నీసా రోజూ గొడవపడేది.

పెరిగిన బ్యాక్టీరియాను ఫిర్దోస్ నల్లని బొగ్గుపొడిలో కలిపి ప్యాకెట్లు కట్టింది. వాటిని వేసి చూడడానికి ఒక చేను కావాలి. వేల్పూర్‌లో నీలవ్వ అనే రైతు రషీద్‌కు పాత పరిచయం. భర్త పోయాక పసుపు, మక్కజొన్న తానే వేసుకుంటూ, కూలీలను పెట్టుకొని సాగు నడిపిస్తున్న మనిషి. ఆమె మాట సూటిగా ఉంటుంది.

"రషీద్ భాయ్ బిడ్డవని ఇస్తున్న," అంది నీలవ్వ. "నాకేం జెయ్యాల్నో జెప్పు."

"విత్తనపు కొమ్ములకు గీ పొడి పట్టియ్యాలె అవ్వా. గా సాళ్ళల డీఏపీ సగమే ఎయ్యాలె."

నీలవ్వ ఆమె చెప్పినట్టే చేసింది. జూన్‌లో వానలు పడ్డాయి, కొమ్ములు మొలిచాయి. ఆగస్టు వచ్చేసరికి మిగతా చేనులో ఆకు మోకాలు దాటి పచ్చగా నిలబడితే, ఫిర్దోస్ పొడి వేసిన సాళ్ళు మాత్రం పొట్టిగా, పాలిపోయి కనిపించాయి.

ఆమె నీలవ్వ ఇంట్లో మిగిలిపోయిన ఒక ప్యాకెట్ తెచ్చి పరీక్ష పెట్టింది. ఆ పరీక్ష చూడడానికి తేలికే. గాజు పళ్ళెంలో పాలలా తెల్లగా ఉండే జెల్లీ పోస్తారు. ఆ తెలుపు సున్నం పట్టుకున్న భాస్వరానిది. బ్యాక్టీరియా బతికి ఉండి పనిచేస్తే అది పెరిగిన చోట చుట్టూ తెలుపు కరిగి, అద్దంలా స్పష్టమైన వలయం ఏర్పడుతుంది. పళ్ళేలు తెల్లగానే ఉండిపోయాయి. తన చెయ్యి ఎక్కడో తప్పిందనుకొని మళ్ళీ పెట్టింది. మళ్ళీ తెలుపే.

మరుసటి రోజు స్టాఫ్‌రూమ్‌లో ఆమె డబ్బా మూత తీయలేదు.

"సార్, నేను నీలవ్వకు ఇచ్చింది ఉత్త బొగ్గుపొడి," అంది. "సీసాల ఉన్నప్పుడు పరీక్ష జేసిన. ప్యాకెట్ల పడ్డంక జెయ్యలే. ఏప్రిల్ల కట్టి రేకుల షెడ్డుల పెట్టిన. ఎండకు అన్నీ సచ్చిపోయినయ్."

"నీలవ్వకు ఏం చెబుతారు?" అని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు."

ఆ సాయంత్రమే ఆమె డీఏపీ బస్తా కొని, తండ్రి లూనా మీద వెనక కట్టించుకొని వేల్పూర్ పోయింది. నీలవ్వ చేనులోనే ఉంది. ఫిర్దోస్ చెప్పిందంతా విని బస్తా వైపు చూసింది.

"నీ మాట ఇని ఎరువు తక్కువేసిన. ఇప్పుడు పంట కిందికి వడ్డంక గీ బస్త దెస్తె ఏమైతది?"

"పూరా అయితే కాదు అవ్వా. జర నిలబడ్తది."

"నీ సదువు నా చేను మీద నేర్సుకుంటవా బిడ్డా?"

ఫిర్దోస్‌ కొంగు నడుముకు చుట్టుకొని, కూలీలతో కలిసి ఆ సాళ్ళ వెంబడి ఎరువు వేసింది. పని అయ్యేదాకా నీలవ్వ గట్టు మీద నిలబడి చూసింది. పోయేటప్పుడు మాత్రం మంచినీళ్ళ చెంబు ఇచ్చింది. తర్వాతి మార్చిలో తవ్వినప్పుడు ఆ సాళ్ళలో కొమ్ములు సన్నగానే వచ్చాయి.

ఆగస్టులో ఆ సంగతి తెలిసినప్పుడు, ఇక ఆ గదికి తాళం పడుతుందని కాలేజీలో అందరం అనుకున్నాం. ఫిర్దోస్ అప్పటికే వేరే దారి పట్టిందని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒకసారి నన్ను కాలేజీ ల్యాబ్‌కు పిలిచి మైక్రోస్కోపులో చూడమంది. గులాబీ రంగులో సన్నని పుల్లల లాంటివి కనిపించాయి.

"ఇవే సచ్చిపోయిన మా సూడోమోనాస్‌లు. బతికున్నప్పుడు తీసిన స్లైడ్," అని చెప్పింది. "ముందు వీటికి ఊదారంగు పట్టించి, తర్వాత స్పిరిట్‌తో కడుగుతం. ఒంటి సుట్టు గోడ మందంగ ఉంటే ఊదా నిలుస్తది. పల్చగ ఉంటే ఎల్లిపోయి, మనం పైనేసిన గులాబి పడ్తది. వీటి గోడ పల్చన సార్. దాని పైన ఇంకో కొవ్వు పొర. ఆ రెండు పొరల నడుమ సందుల ఫాస్ఫటేజ్ కూసుంటది. పనిమంతులే. కానీ ఎండల ఎండబెడితే తట్టుకోలేవు."

"మరి ఎండను తట్టుకునేవి ఉంటాయా?"

"ఉండాలె. మన చేలు ఎండాకాలం అంతా పగుళ్ళు వడి ఉంటయ్ గదా. మళ్ళ వానొస్తే మట్టి వాసనొస్తది. ఏదో ఒకటి లోపల బతికే ఉంటది."

ఆ ఏదో ఒకదాన్ని ఆమె పుస్తకాల్లో వెతకలేదు. దీపావళి దాటాక మళ్ళీ వేల్పూర్ పోయి నీలవ్వను మట్టి అడిగింది.

"మట్టికి అడుగుడేంది, తీస్కపో," అంది నీలవ్వ. "దాన్ని గూడ ఉడకబెట్టి సంపకు."

నిజానికి ఫిర్దోస్ చేయబోయేది అదే. మట్టిని నీళ్ళలో కలిపి, ఆ నీటిని గొట్టాల్లో పోసి, చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెట్టింది. మామూలు బ్యాక్టీరియా ఆ వేడికి చచ్చిపోతుంది. గట్టి గోడ కట్టుకొని నిద్రపోయేవి మిగులుతాయి. గిన్నె వంటింటిది.

"నా బగోనాల మట్టి ఉడకబెడ్తున్నవా?" అని నూరున్నీసా అరిచింది.

"మట్టి కాదమ్మీ, మట్టి నీళ్ళు. అవి గూడ గొట్టంల ఉన్నయ్," అంది కూతురు. తల్లికి ఆ తేడా ఏమీ నచ్చలేదు. సంతలో వేరే గిన్నె కొనుక్కొచ్చి, దాన్నే ఆ గదికి పంపించింది.

చాలా పళ్ళేలు వృథా అయ్యాయి. కొన్నింట్లో బూజు పట్టింది. కరెంటు కోతల్లో బల్బు పెట్టె చల్లారిపోయి కొన్ని పాడయ్యాయి. ఆమె కాలేజీ నుంచి రాగానే గదిలోకి పోయేది. ఒక్కో పళ్ళెం వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెట్టేది. చలికాలం మొదట్లో ఒక పళ్ళెంలో, క్రీములా మందంగా పెరిగిన ఒక చుక్క చుట్టూ సన్నని వలయం కనిపించింది. స్లైడ్ వేస్తే లావుపాటి ఊదారంగు పుల్లలు. కొన్నింటి పొట్టలో రంగు పట్టని మెరుపు గింజ ఒకటి. అది బాసిల్లస్ జాతి. కరువు వస్తే తన సారమంతా ఆ గింజలోకి చేర్చి, చుట్టూ పొర మీద పొర కట్టుకొని, నీళ్ళు వచ్చేదాకా ఆగుతుంది.

దాని వలయం సూడోమోనాస్ వలయమంత వెడల్పు లేదు. ఆ సంగతి ఆమే నాకు చెప్పింది. పళ్ళెంలో గొప్పగా పనిచేసి చేనుకు చేరకముందే చచ్చేదానికంటే, కొంచెం తక్కువ చేసినా బతికి చేరేదే తనకు కావాలంది.

ఇంకో పరీక్ష మిగిలింది. దీనికి ఫాస్ఫటేజ్ ఉందా? వినోద మేడమ్ పంపిన రంగులేని మందును బ్యాక్టీరియా ద్రవంలో కలిపి, తర్వాత కొంచెం క్షారం వేయాలి. ఎంజైమ్ ఉంటే ఆ మందులోంచి భాస్వరపు ముక్క తెగి, ద్రవం పసుపు రంగుకు మారుతుంది. గొట్టంలో పసుపు రంగు వచ్చింది. ఆర్మూర్ మార్కెట్లో కుప్పలు పోసే రంగే. రషీద్ దాన్ని చేతిలోకి తీసుకొని చూశాడు.

"మన పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది. ఇది సున్నం లాంటిది కలిపితే పసుపైందా! ఉల్టా ఉన్నదే బేటీ."

ఆ తర్వాత కొద్ది రోజులకే దుకాణంలో గొలుసు జారి, పైకెత్తిన మోటారు రషీద్ కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. నిజామాబాద్ దవాఖానాలో కట్టు కట్టి ఇంటికి పంపారు. పనివాడితో దుకాణం సగమే నడిచింది. ఉదయం కాలేజీ, సాయంత్రం తండ్రి మంచం, మధ్యలో గది. ఫిర్దోస్ చిక్కిపోయింది. "ఈ సంవత్సరం ఆపేయరాదా?" అని నేను ఒకసారి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది.

కట్టు మార్పించడానికి పోయినప్పుడు రక్తపరీక్ష చేశారు. ఆ కాగితంలో ఒక లెక్క ఎక్కువ ఉందని రషీద్ కంగారుపడ్డాడు. ఫిర్దోస్ చదివి నవ్వింది. ఆ రోజుల్లో ఆమె నవ్వడం అరుదు.

"అబ్బాజాన్, ఫికర్ జెయ్యకు. ఇది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. ఇరిగిన బొక్క అతుక్కునేటప్పుడు పెరుగుతది. డాక్టర్ గూడ అదే అన్నడు గదా."

"నీ మట్టి పురుగులల్ల ఉన్నదన్నవే, గదేనా?"

"సరిగ్గ గదే గాదు, దాని సుట్టమే. బ్యాక్టీరియాల ఉన్నదాన్నీ మనిషిల ఉన్నదాన్నీ సైంటిస్టులు పక్కపక్కన పెట్టి చూసిండ్రు. పైన మస్తు మారింది. నడుమ కోసే జాగ మాత్రం రెండింట్ల ఒక్క తీరే. రెండు జింకు, ఒక మెగ్నీషియం, వాటి జాగల అవి. కోట్ల ఏండ్ల కింద ఒక్కటే ఉండె. ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళు మార్చుకున్నరు. బ్యాక్టీరియాలది భాస్వరం కోసం కోస్తది. నీ కాలుల ఉన్నది బొక్క గట్టిపడనీకి కోస్తది."

రషీద్ కట్టు కట్టిన కాలు చూసుకున్నాడు.

"మోటారు కంపెనీలు ఎన్నున్నా లోపల తీగ చుట్టుడు ఒక్క తీరే ఉన్నట్టు," అన్నాడు. "మరి నీ పురుగులు గోడ గట్టుకునే దానికి గూడ గీ కత్తెరే పనికొస్తదా?"

ఈ ప్రశ్న ఆమెకు ఎంత నచ్చిందో, మరునాడు నాకు చెప్పేటప్పుడు ముఖంలోనే తెలిసింది. పనికొస్తుంది, కానీ అది వేరే వంశపు ఫాస్ఫటేజ్. బ్యాక్టీరియా గోడకు కావలసిన ముక్కలు లోపల తయారవుతాయి. ఒక కొవ్వు అణువు వాటిని మార్కెట్ యార్డు హమాలీలా వీపున మోసుకొని పొరకు అవతల దించుతుంది. దించాక దాని మీద భాస్వరం ఒకటి ఎక్కువగా మిగిలిపోతుంది. దాన్ని కత్తిరిస్తేనే ఆ హమాలీ ఇంకో బరువుకు వస్తాడు. ఆ కత్తెర ఆగితే గోడ ఆగుతుంది. అది ఏ ఎంజైమో కూడా ఈ మధ్యనే, రెండు మూడేళ్ళ కింద తేల్చారట.

2007 ఏప్రిల్‌లో ఆమె కొత్త ప్యాకెట్లు కట్టింది. ఈసారి వాటిలో కొన్నింటిని కావాలనే రేకుల షెడ్డులో, ఎండ నేరుగా దిగే చోట పెట్టింది. మే నెలంతా వాటిని అక్కడే వదిలేసింది.

ఆ నెలలోనే ఎరువుల దుకాణం భీమ్‌రావు ఆమె దగ్గరికి వచ్చాడు. జీవ ఎరువులకు అప్పుడప్పుడే గిరాకీ మొదలైంది.

"ఎన్ని ప్యాకెట్లు ఉంటె అన్ని ఇయ్యమ్మా. మంచి లేబులు కొట్టిస్త."

"ఇంకా పరీక్ష కాలే సేటూ. బతికినయో లేదో చూడాలె."

"ఎవరు సూస్తరమ్మా? నల్లగుంటె సాలు. పంట మంచిగొస్తె మన పొడి, రాకుంటె వాన."

"పోయినేడు నేను గట్లనే ఇచ్చిన. రైతు పంట పోయింది," అంది ఫిర్దోస్. "చూసినంకనే. చూడంది ఒక్కటి గూడ బయటికి పోదు."

భీమ్‌రావు ఆమెను ఎగాదిగా చూసి పోయాడు. నెలాఖరుకు షెడ్డులోని ప్యాకెట్లు విప్పి పళ్ళేల్లో వేస్తే, తెల్లని జెల్లీ నిండా వలయాలు వచ్చాయి. ఆమె ఒక పళ్ళెం మూతపెట్టి, గుడ్డలో చుట్టి, సంచీలో పెట్టుకొని వేల్పూర్ బస్సెక్కింది.

నీలవ్వ పళ్ళేన్ని సూర్యుడికి ఎత్తి చూసింది.

"గీ గుండ్రగ కరిగింది గా పురుగేనా?"

"అవునవ్వా. నీ చేనుదే. ఎండల పెట్టి చూసిన, సావలే."

"నా చేనుది నాకే అమ్ముతవా?" అని నీలవ్వ నవ్వింది. కానీ చేను నడుమ ఇవ్వనంది. నీళ్ళు సరిగా ఎక్కని ఈశాన్యపు మూల చూపించింది. "గాడ జేస్కో. పోతె గంతే పోతది."

ఫిర్దోస్ ఆ మూలను మూడు మళ్ళు చేసింది. మూడింటికీ పెంట సమానంగా పోయించింది. ఒకదానికి డీఏపీ పూర్తిగా, ఒకదానికి సగం డీఏపీతో పొడి, మూడోదానికి సగం డీఏపీ మాత్రమే. మూడోది నీలవ్వకు అర్థం కాలేదు.

"గా ఉత్త మడి దేనికి?"

"అది లేకుంటే పంట నా పొడి ఇచ్చిందో, నీ పెంట ఇచ్చిందో ఎట్ల తెలుస్తది? నేను నన్నే మోసం జేస్కుంట."

ఆ సంవత్సరం ఆమె ఎన్నిసార్లు వేల్పూర్ పోయిందో నాకు తెలియదు. సాళ్ళ నడుమ వేసిన మక్కజొన్న కోసిన తర్వాత పసుపు ఆకు విచ్చుకుంది. చలికాలంలో ఆకు ఎండడం మొదలైంది. 2008 మార్చిలో తవ్వకానికి నేనూ పోయాను. అప్పటికి నడక కుదుటపడిన రషీద్ కూడా వచ్చాడు. కూలీలు మూడు మళ్ళనూ వేరువేరుగా తవ్వి, మట్టి దులిపి, మూడు కుప్పలు పోశారు. నీలవ్వే కాంటా పట్టుకుంది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

ఉత్త మడి బాగా తక్కువ తూగింది. పూర్తి డీఏపీ మడి అన్నింటికంటే ఎక్కువ. పొడి వేసిన మడి దానికంటే కొద్దిగానే తక్కువ. ఫిర్దోస్ ఆ తక్కువను చూసి పెదవి కొరికింది. సమానం అవుతుందని ఆశపడినట్టుంది.

నీలవ్వ పొడి మడిలోని ఒక మండను, లావుపాటి తల్లి దుంపను, విరిచింది. లోపల రంగు చూసింది, వాసన చూసింది, కుప్పలో వేసింది.

"సగం ఎరువుకు గింత వచ్చిందా?"

"ఇంకా రావాల్సుండె అవ్వా. ఒక్క ఏడాది చూస్తే సాలదు. మళ్ళొకసారి..."

"నాకు లెక్క రాదా?" అంది నీలవ్వ. "గీసారి నడుమ ఎకరంల ఎయ్యి. మూల గూడ ఉంచు, గా ఉత్త మడి గూడ ఉంచు. నాకు గూడ తెల్వాలె గదా."

ఫిర్దోస్ ముఖం తిప్పుకొని, కుప్ప పక్కన కూర్చొని, కొమ్ములకు అంటిన మట్టిని ఒక సంచీలోకి దులుపుకోసాగింది. తర్వాత చూస్తే కళ్ళు తడిగా ఉన్నాయి. రషీద్ చూడనట్టే కాంటా గొలుసు సర్దాడు.

ఆ వేసవిలో కమ్మర్‌పల్లి రైతులు కొందరు ఆమెను పిలిపించారు. నీలవ్వ కూడా పోయింది. ఎవరూ అడగకముందే నీలవ్వ లేచి, మొదటి ఏడాది తన పంట ఎట్లా పోయిందో ముందు చెప్పింది, మూల మడి సంగతి తర్వాత చెప్పింది. వెనక కూర్చున్న దేవన్న అనే రైతు లేచి నిలబడ్డాడు.

"అయితె డీఏపీ మొత్తం బంద్ జెయ్యొచ్చునా అమ్మా?"

"వద్దు," అంది ఫిర్దోస్. "ఇది మంత్రం కాదు. పెంట లేని చేనుల ఏసినా పెద్ద ఫాయిదా ఉండదు. కోసేదానికి ఏదన్న ఉంటేనే కత్తెర కోస్తది. ఒక్క మూలకే ఏసి చూడుండ్రి."

"మరి ప్యాకెట్లు తెచ్చినవా?"

"తేలే. ముందు మీ మట్టి తెండ్రి. మీ చేనుల ఏముందో చూసి, తర్వాత పొడి."

కొందరు నిరాశపడి లేచిపోయారు. దేవన్నా, ఇంకో నలుగురూ ఉండిపోయి, మట్టి ఎంత లోతు నుంచి తీయాలో, చేనులో ఎన్ని చోట్ల తీయాలో అడిగారు. తర్వాతి వారం రషీద్ దుకాణం ముందు, కాలిన మోటార్ల పక్కన చిన్న చిన్న మట్టి సంచులు వరుసగా వచ్చి చేరాయి. రషీద్ ఒక్కొక్కరినీ ఊరు, చేను పేరు అడిగి, సుద్దముక్కతో సంచి మీద రాసి, వెనక గదిలోకి పంపిస్తున్నాడు.